ఉత్సవం పేరు: నిద్ర

మా ఆఫీసులో ఏ కాగితమూ ఊరికే ఆగదు. ఆపడానికి నిబంధన ఉంటేనే ఆగుతుంది. నిబంధన లేకపోతే అది వచ్చేదాకా ఆగుతుంది. గొప్పకి చెప్పడం లేదు. సంచార నివాసాల నమోదు కార్యాలయంలో ఇరవై ఆరేళ్లుగా గుమాస్తాగా ఉన్నవాడిని, కళ్లారా చూసిందే చెబుతున్నాను.

సంచార నివాసాలంటే చక్రాల మీద తిరిగే ఇళ్లు. లోపల మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు ఉంటాయి. జీపు వెనక తగిలించుకుని లాక్కుపోతారు. మా జిల్లా మొత్తం మీద అలాంటివి పదకొండు. వాటిని చూసుకోవడానికి మేం పంతొమ్మిది మందిమి. మా అధికారి చింతలపాటి రామభద్రరాజు గారు. ఏ నిబంధన ఏ పేజీలో ఉందో ఆయన పుస్తకం తెరవకుండా చెప్పగలరు. ఆ పేజీలో ఏముందో మాత్రం తెరిచాకే చెబుతారు.

నవంబరు మొదటి సోమవారం మళ్ల వరహాలరావు గారూ, ఆయన భార్య హైమవతి గారూ మా ఆఫీసుకొచ్చారు. ఆయన పోర్టులో క్రేన్ నడిపి రిటైరయ్యారు. ఆవిడ మునిసిపల్ హైస్కూల్లో ముప్పై ఒక్క ఏళ్లు సైన్సు చెప్పారు. నాకు కొత్తవాళ్లేం కారు. మూడేళ్ల కిందట వాళ్ల పెద్ద ట్రైలరుకి నంబరిచ్చింది నేనే. ఇరవై ఎనిమిది అడుగుల బండి. ఎవరో సినిమావాళ్లు హీరోయిన్ విశ్రాంతి కోసం చేయించి, అవసరం తీరాక అమ్మేస్తే వీళ్లు కొన్నారు. సోఫా, ఏసీ, షవరు, చుట్టూ బల్బులు పెట్టిన నిలువుటద్దం. నాలుగు గోడలూ రేకువే కాబట్టి పదకొండు నిమిషాల్లో పని తేలిపోయింది.

"అది అమ్మేసినాం బాబూ" అన్నారు వరహాలరావు గారు. "చిన్నది కొన్నాం. బయట పెట్టినాను. ఓ నంబరు రాసిచ్చేస్తే ఎల్లిపోతాం."

ఎందుకు అమ్మారని అడిగాను. కుతూహలం కాదు, ఫారంలో ఆ గడి ఉంది. 'పరిమాణం తగ్గించుటకు గల కారణం.'

కారణం హైమవతి గారే చెప్పారు. కిందటేడు ఇదే రోజుల్లో ఇద్దరూ అరకు దారి పట్టారట. కొండల్లో వలిసె పూలు విరగబూసే కాలం. ముప్పై ఒక్క ఏళ్లు ఆవిడ ఆ పువ్వు బొమ్మని నల్లబల్ల మీద వేసి పాఠం చెప్పారు గానీ, పూసిన చేను ఎన్నడూ చూడలేదు. ఘాట్ రోడ్డులో ఐదో మలుపు దగ్గర బండి ముక్కు కొండకీ, తోక గోడకీ ఆనుకుని ఇరుక్కుపోయింది. ముందు నాలుగు బస్సులు, వెనక ఆరు. బస్సుల్లో వాళ్లంతా దిగి, వీళ్ల షవరులో కాళ్లు కడుక్కుని, వీళ్ల సోఫాలో కూర్చుని, వీళ్ల పొయ్యి మీద టీ పెట్టుకున్నారు. క్రేన్ నడిపిన మనిషి కాబట్టి వరహాలరావు గారు రెండు కిలోమీటర్లు వెనక్కి నడిపి బండిని కిందికి దించగలిగారు. దానికే సాయంత్రమైంది.

"ఇల్లు చూపించడానికి కొండ మీదికి తీసుకెళ్లినట్టయింది గానీ, కొండ చూసిందేం లేదు" అన్నారావిడ. "జనవరి ఆరున నా మోకాలికి ఆపరేషన్. ఆ తర్వాత ఎప్పటికి కొండెక్కనిస్తారో డాక్టర్లకే తెలీదు. డిసెంబరు రెండో వారం దాటితే పూలుండవు. కాస్త తొందరగా చూడండి నాన్నా."

గడి చిన్నది. ఆవిడ పెన్ను తీసుకుని అందులో ఒక్క మాట రాశారు: 'మలుపు.'

ఫైలు చూసి రామభద్రరాజు గారు నన్ను పిలిచారు. "ముక్తేశ్వరం, మలుపు అనగా జీవితమందలి మలుపా, మార్గమందలి మలుపా? స్పష్టత కొరవడింది."

"మార్గమందలిదేనండి."

"అటులైన సరే. జీవితమందలిదైతే వేరే శాఖకు పంపవలసి వచ్చేది."

తనిఖీకి ఇద్దరం బయటికి వెళ్లాం. చిన్న బండి నిజంగానే చిన్నది. పద్నాలుగడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు. ముచ్చటగా ఉంది. వరహాలరావు గారు రెండు గొళ్లేలు తీసి పక్క గోడని కిందికి వాల్చారు. అది మంచమైంది. దాని మీద ముదురాకుపచ్చ కాన్వాసు గుడ్డ గుడారంలా లేచి నిలబడింది. రెండో పక్కా అంతే. రెక్కలు చాపిన పక్షిలా బండి పదహారు అడుగుల వెడల్పయింది. మా ఆఫీసు మెట్ల మీదున్న వాళ్లు చప్పట్లు కొట్టారు.

రామభద్రరాజు గారు కొట్టలేదు. ఆయన నుదుటి మీద గీతలు పడ్డాయి.

"వెడల్పు ఏడా, పదహారా?"

"మూస్తే ఏడు, తెరిస్తే పదహారండి" అన్నాను.

"ప్రభుత్వ రికార్డునందు ఒక వస్తువు ఒక వెడల్పే కలిగి ఉండవలెను. పైగా గోడ కొంత రేకు, కొంత గుడ్డ. రేకైతే నివాసం. గుడ్డైతే గుడారం. ఇది తన స్వరూపము గురించి తానే నిర్ణయానికి రాలేదు. మనమెట్లు వచ్చెదము?"

నిజం చెప్పాలంటే మంచి ప్రశ్నే అనిపించింది.

వారం తిరక్కుండా ఆయన నిబంధన కనిపెట్టారు. వాహనాన్ని 'వినియోగించు రూపమునందే' తనిఖీ చేయాలి. ఈ బండిని వాడేది తెరిచి. కాబట్టి తెరిచిన రూపంలోనే మా ఆవరణలోకి నడిపించుకు రావాలి. మా గేటు వెడల్పు పన్నెండు అడుగులు.

"మూసి లోపలికి తెచ్చి, లోపల తెరవొచ్చు కదండీ" అన్నారు హైమవతి గారు, చిన్న క్లాసు పిల్లలకి చెప్పినట్టు.

"అమ్మా, అప్పుడు తెరిచిన రూపమున లోనికి ప్రవేశించినట్టు ఆధారమేది?"

ఆవిడ భర్త వైపు చూశారు. ఆయన ఆకాశం వైపు చూశారు.

గేటు చాలకపోవడం వాహనం లోపమా, గేటు లోపమా అని మూడు రోజులు చర్చ జరిగింది. గేటుకి నమోదు పత్రం లేదని తేలడంతో తప్పు గేటుదే అయింది. ఎడమ స్తంభాన్ని పడగొట్టించాం. మా ఆఫీసు పుట్టాక ఇంత చురుగ్గా జరిగిన పని ఇదే. పద్దెనిమిదో తేదీ పొద్దున్న చిన్న బండి రెండు రెక్కలూ చాపుకుని, ఇటుక ముక్కల మీంచి ఊగుతూ లోపలికొచ్చింది.

పరీక్షాధికారి స్వయంగా శయనించి నడక గమనించాలని కూడా నిబంధన ఉంది. రామభద్రరాజు గారు బూట్లు విప్పి కుడి మంచమెక్కారు. వరహాలరావు గారు జీపు స్టార్ట్ చేసి ఆవరణ చుట్టూ మనిషి నడిచే వేగంతో నడిపారు. ఒక చుట్టు. రెండు చుట్లు. పరీక్ష ముగిసిందని అధికారి చెబితేనే ముగుస్తుంది. అధికారి ఏమీ చెప్పలేదు. ఏడో చుట్టులో గుర్రు వినిపించింది.

"ఆపమంటారా?" కిటికీలోంచి అడిగారు వరహాలరావు గారు.

"నాకు అధికారం లేదండి" అన్నాను, జీపు పక్కన నడుస్తూ.

పంతొమ్మిది చుట్లు. జీపులో డీజిల్ అయిపోయి బండి దానంతటదే ఆగింది. ఆ నిశ్శబ్దానికి రాజుగారు లేచి కూర్చున్నారు. ఆయన మొహం అంత ప్రశాంతంగా నేనెప్పుడూ చూడలేదు. ఇంటి దగ్గర ఆయనకి సరిగా నిద్ర పట్టదని మా అందరికీ తెలుసు. కానీ బూట్లు తొడుక్కునేసరికి మళ్లీ అధికారి అయిపోయారు.

"ప్రయాణమునందు నిద్ర పట్టినది గనుక ఇది నివాసము. నిద్రయందు ప్రయాణము జరిగినది గనుక ఇది వాహనము. రెండును ఒకేసారి అగుటకు మన రిజిస్టరునందు గడి లేదు."

"అంటే నంబరు రాదా?" హైమవతి గారు ఆయనకి ఎదురుగా వచ్చి నిలబడ్డారు. "మీకేమో నిద్ర పట్టింది. నాకు రోజులు పోతున్నాయండీ. ఆ పూలు మీ గడి కోసం ఆగవు."

రాజుగారు కాస్త తడబడ్డారు. ఆయన చెడ్డమనిషి కాదు. నిబంధనల పుస్తకం తీసుకుని గదిలోకి వెళ్లి, మధ్యాహ్నం భోజనం కూడా మానేసి, నాలుగింటికి బయటికొచ్చారు. కళ్లు మెరుస్తున్నాయి.

సర్కసు గుడారాల కాలం నాటి నిబంధన ఒకటి దొరికింది. ఎత్తైన బల్ల మీద గుడ్డ కప్పు ఉన్నదేదైనా 'తాత్కాలిక ఉత్సవ మండపం.' కాబట్టి మూసి ఉన్నంతసేపూ ఇది ట్రైలరు. దానికి నంబరు అక్కడికక్కడే ఇచ్చేశాం. తెరిస్తే మాత్రం పందిరి. తెరిచిన ప్రతిసారీ ఉత్సవ అనుమతి తీసుకోవాలి.

"మంచం వాల్చుకోవడానికి ఉత్సవమేటండీ?" అన్నారు వరహాలరావు గారు.

"పందిరి వేయుచు ఉత్సవము చేయకపోవుట నేరము" అన్నారు రాజుగారు, ఎంతో మర్యాదగా.

ఆ ఫారం నేనే నింపాను. హైమవతి గారు కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు.

"ఉత్సవం పేరు?"

"పేరేముంది నాన్నా, మధ్యాహ్నం అక్కడ కాసేపు పడుకుంటాం."

'నిద్ర' అని రాశాను.

"ముఖ్య అతిథి?"

"మా ఆయన."

"మైకు కావాలా?"

"పడుకోడానికా?"

'అవసరం లేదు' అని రాశాను. "ఎంతమంది హాజరవుతారు?"

"ఇద్దరం."

అక్కడ చిక్కొచ్చింది. ఆ గడిలో వందకి తక్కువ రాయడానికి లేదు. వంద, ఐదు వందలు, వెయ్యి, ఆపైన, ఇవే ఉన్నాయి. అన్నిటికన్నా చిన్న అబద్ధం ఏదో చూసి వంద దగ్గర టిక్కు పెట్టాను. ఇరవై ఆరేళ్ల సర్వీసులో నేను ఒక దరఖాస్తుదారుడికి అనుకూలంగా పెట్టిన మొదటి టిక్కు అది.

ఉత్సవం నిజంగా జరిగిందని ధ్రువీకరించడానికి కార్యాలయ ప్రతినిధి ఒకరు వెళ్లాలి. రాజుగారు నన్ను వేశారు. నవంబరు ఇరవై తొమ్మిదిన జీపు వెనక సీట్లో, ఒళ్లో ఫైలు పెట్టుకుని బయల్దేరాను.

ఘాట్ రోడ్డులో చిన్న బండి అసలు వెనక ఉందన్న సంగతే తెలీలేదు. ఐదో మలుపు ఎప్పుడు దాటామో నేను చూడలేదు. వరహాలరావు గారు మాత్రం చూశారు. దాటాక ఒక్కసారి హారన్ కొట్టారు. హైమవతి గారు ఆయన భుజం మీద చెయ్యి వేసి, తియ్యలేదు.

సీతమ్మపుట్టు అనే చిన్న ఊరి చివర, కొర్రా సుక్రమ్మ అనే ఆవిడ చేను గట్టు మీద బండి ఆపుకోవడానికి ముందే మాట్లాడుకున్నారు. జీపు దిగి చూస్తే కొండవాలంతా పసుపు. అడ్డంగా గాలి వచ్చినప్పుడల్లా చేనంతా ఒక పక్కకి ఒరిగి మళ్లీ లేస్తోంది. హైమవతి గారు కర్ర ఆనించుకుని నెమ్మదిగా గట్టు దిగి, ఒక పువ్వుని తెంపకుండానే రెండు వేళ్లతో తిప్పి చూశారు.

"చూడమ్మా, ఇది ఒక పువ్వు కాదు. మధ్యలో ఉన్నవన్నీ విడివిడి పూలే. ఇవన్నీ కలిసి ఒకటిలా కనిపిస్తాయి" అన్నారు, పక్కకొచ్చి నిలబడ్డ సుక్రమ్మతో.

సుక్రమ్మకి అరవై దాటుంటాయి. నవ్వింది. "అది నాకెందుకు తెల్దు? ఒక్కోదానికి ఒక్కో గింజ. గింజకింత నూనె. ఈ నూనెతో కూర వండితే నువ్వు మీ ఊరు పోవు. నీ మోకాలుకి కూడా రాస్తాను, ఇటు కూర్చో."

ముప్పై ఒక్క ఏళ్లు పాఠం చెప్పినావిడ బుద్ధిగా గట్టు మీద కూర్చుని కాలు చాపారు.

రెండు గంటలకి వరహాలరావు గారు రెక్కలు చాపారు. నేను టైము రాసుకున్నాను. సరిగ్గా అప్పుడే పోలీసు వ్యాను వచ్చి ఆగింది. హెడ్ కానిస్టేబుల్ పాంగి సోమన్న, నలుగురు కానిస్టేబుళ్లు, బోలెడు వెదుళ్లు, తాళ్లు. అనుమతి కాగితం నకలు స్టేషనుకి పంపింది నేనే. నిబంధన మరి.

సోమన్న చుట్టూ చూశాడు. "ఉత్సవం ఎక్కడండి?"

"ఇదే" అని మంచం చూపించాను.

"జనం?"

"వీరిద్దరే."

అతను కాగితం రెండుసార్లు చదివాడు, రెండోసారి 'ఉత్సవం పేరు: నిద్ర' అని పైకే. "వంద మందని రాసిచ్చారు గదండి. వంద మందికని నలుగుర్ని సంత డ్యూటీ మీంచి పీకి తెచ్చాను. ఇక్కడ ఇద్దరే అయితే తప్పుడు సమాచారం అవుద్ది. బండి సీజ్ చెయ్యాలి, కేసు రాయాలి. నాకు ఇష్టం లేదండి, కానీ సాయంత్రానికి వంద మంది అన్న లెక్క నేను పైకి చెప్పాల."

టిక్కు పెట్టింది నేను. వరహాలరావు గారు మంచం అంచు పట్టుకుని నిలబడ్డారు. హైమవతి గారు మోకాలికి నూనెతో అలాగే కూర్చుని నా వైపు చూశారు. "నీ తప్పేం లేదు నాన్నా" అన్నారు. కోప్పడినా బాగుండేది.

సుక్రమ్మే ముందు లేచింది. "ఏటి, పడుకుంటే చాలా? నిద్ర పండగా? పొద్దున్నుంచి కలుపు తీశాను, నేనే పడుకుంటాను." చెప్పులు విప్పి మంచమెక్కి, కాన్వాసు కింద వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకుంది. ఒక నిమిషం అయ్యాక ఒక కన్ను తెరిచి, "మెత్తగా ఉంది. రాసుకో" అంది నాతో.

'ఒకటి' అని రాసుకున్నాను.

ఆ రోజు కింద ఊళ్లో సంత. మధ్యాహ్నం మూడు నుంచీ జనం తిరిగి ఇళ్లకి పోయే దారి చేను పక్కనే. సోమన్న వెదుళ్లు పాతి, తాడు కట్టి, ఒక వరస చేశాడు. పోలీసులు తాడు కట్టారంటే లోపల ఏదో ఉందని అందరికీ తెలుసు. బుట్టలు దించి వరసలో నిలబడ్డారు.

"ఏం పండగన్నా?"

"నిద్ర పండగ. చెప్పులిప్పండి. మనిషికి రెండు నిమిషాలు. తోసుకోవద్దు."

కొందరు దండం పెట్టి ఎక్కారు. ఒకాయన కోడిని చంకలో పెట్టుకునే పడుకున్నాడు. కోడిని లెక్కలో వెయ్యాలా అని సోమన్న అడిగితే, నిబంధనల్లో లేదని చెప్పాను. కొత్తగా పెళ్లైన జంట ఒకటి చెరో మంచం మీదా పడుకుని, ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు ఒకటే నవ్వు. వరహాలరావు గారు లోపలి పొయ్యి మీద టీ మరిగిస్తూ గ్లాసులు అందిస్తూనే ఉన్నారు. హైమవతి గారు వరస పక్కన కుర్చీ వేసుకుని, వచ్చిన వాళ్లనల్లా ఊరూ పేరూ అడిగి పలకరిస్తున్నారు. సగం మంది ఆవిడకి పూలిచ్చి వెళ్లారు.

ఐదింటికి తొంభై ఆరు దగ్గర వరస తెగింది. దారి ఖాళీ. పొద్దు కొండ మీదికి దిగుతోంది. సోమన్న నా కాగితం వంక చూశాడు, తర్వాత తన నలుగురి వంకా చూశాడు.

"బెల్టులు తీసి ఎక్కండ్రా" అన్నాడు.

తొంభై ఏడు, తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది, వంద.

వందోవాడైన కానిస్టేబుల్ ఇంకా దిగకుండానే, మలుపు తిరిగి సంత నుంచి ఒక జీపు వచ్చింది. దాని వెనక ఇంకోటి. కబురు అప్పటికే నాలుగూళ్లకి పాకింది. ఎవరో డప్పు తెచ్చారు. పకోడీ బండి ఆయన పిలవకుండానే వచ్చి గట్టు కింద బాణలి పెట్టాడు. సుక్రమ్మ వాళ్ల ఊరి ఆడవాళ్లు ఒకరి నడుం మీద ఒకరు చేతులేసుకుని వరస కట్టి అడుగులెయ్యడం మొదలెట్టారు. హైమవతి గారు మోకాలి సంగతి మర్చిపోయి కుర్చీలోనే కాళ్లాడించారు. చీకటి పడేసరికి వచ్చినవాళ్లందరినీ కలిపి నా లెక్క నాలుగు వందల పన్నెండుకి చేరింది. నిద్ర ఉత్సవంలో కునుకు తీసే వీలు ఒక్కరికీ లేకపోయింది.

సోమన్న వెళ్లేముందు నా ఫైల్లో రాసిచ్చాడు: 'ఉత్సవం ప్రశాంతంగా జరిగింది. పాల్గొన్నవారు 412. గొడవలు లేవు. కోడి ఒకటి.'

రాజుగారు ఆ నివేదిక మొత్తం చదివారు. తర్వాత పైకి పంపారు. పైనున్నవాళ్లు ఇంకా పైకి పంపారు. జనవరి చివర్లో జవాబొచ్చింది. దాన్ని స్వయంగా అందజేసి సంతకం తీసుకోవాలి కాబట్టి నేనే వాళ్లింటికి వెళ్లాను. హైమవతి గారు కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుని కూర్చున్నారు. వరహాలరావు గారు వంటింట్లో వలిసె నూనెతో ఏదో వేయిస్తున్నారు.

"చదువు నాన్నా, నా కళ్లజోడు దొరకట్లేదు" అన్నారావిడ.

చదివాను. సదరు నిద్రోత్సవమును జిల్లా వార్షిక ఉత్సవముల జాబితాయందు చేర్చడమైనది. ఇకపై ప్రతి సంవత్సరము నవంబరు ఆఖరి వారమున విధిగా జరుపవలెను. శ్రీ మళ్ల వరహాలరావు, శ్రీమతి హైమవతి గార్లను శాశ్వత నిర్వాహకులుగా నియమించడమైనది. నిర్వాహకులు మండపముతో సహా హాజరు కానియెడల సంజాయిషీ ఇచ్చుకొనవలసి యుండును.

ఆవిడ ఆఖరి వాక్యం మళ్లీ చదవమన్నారు. నాకు భయమేసింది.

"ఏమండీ" అని వంటింట్లోకి కేకేశారు. "ఏటేటా వలిసె పూలు చూసి తీరాలట. చూడకపోతే కేసు పెడతారట!"

వరహాలరావు గారు గరిటె పట్టుకునే బయటికొచ్చారు. ఇద్దరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నవ్వడం మొదలుపెట్టారు. ఆవిడ కట్టు కట్టిన కాలు పట్టుకుని మరీ నవ్వారు. నవ్వొద్దని, కుట్లు ఊడతాయని ఆయన అంటూనే ఇంకా గట్టిగా నవ్వుతున్నారు.

అందిన రసీదు మీద ఆవిడ సంతకం చేశారు. దాని కింద అభిప్రాయాల గడి ఒకటుంది. ఇరవై ఆరేళ్లలో ఆ గడిలో ఎవరూ ఏమీ రాయగా నేను చూడలేదు. ఆవిడ పెన్ను ఇంకా పట్టుకునే ఉన్నారు. వంగి నెమ్మదిగా రాశారు: 'వచ్చే ఏడు మీ ఆవిణ్ణి కూడా తీసుకురా నాన్నా. ఎడమ మంచం మీకే.'

రసీదుని ఫైల్లో పెట్టాలని నిబంధన. పేజీ నంబరుతో సహా నాకు తెలుసు.

నేను పెట్టలేదు. మడిచి చొక్కా జేబులో పెట్టుకుని ఇంటికెళ్లి మా ఆవిడకిచ్చాను.